మెడ చూడకుండా పెట్టిన సంతకం

ఫిజియోథెరపీ చదువుకుని ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళు కలిసినప్పుడు, మీరు బాగుచేసిన కేసు ఒకటి చెప్పండి అని నన్ను అడుగుతుంటారు. నిజం చెప్పాలంటే బాగుపడ్డవాళ్ళు నాకు పెద్దగా గుర్తులేరు. నొప్పి తగ్గినవాళ్ళు మళ్ళీ మన మొహం చూడటానికి రారు కదా. గుర్తున్నది నేను పాడుచేసిన కేసు. అదీ తెలియక చేసింది కాదు, మహా శాస్త్రీయంగా, ఒక కాగితాన్ని నమ్మి చేసింది.

రెండువేల ఎనిమిదో తొమ్మిదో ఆ ప్రాంతం. ఫ్రీమాంట్‌కి దగ్గర్లో ఒక ఆస్పత్రికి అనుబంధంగా ఉన్న క్లినిక్కులో పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది స్పానిష్ మాట్లాడేవాళ్ళు. హోటల్ గదులు శుభ్రం చేసేవాళ్ళు, వంటశాలల్లో గిన్నెలు తోమేవాళ్ళు, తోటపని చేసేవాళ్ళు, గోడౌన్లలో పెట్టెలు మోసేవాళ్ళు. మెడలు పట్టేసి వచ్చేవారు.

మెడ నొప్పితో ఎవరు వచ్చినా ముందు ఒక ప్రశ్నపత్రం ఇచ్చేవాళ్ళం. నొప్పి ఎంత ఉంది, బట్టలు మీరే వేసుకోగలరా, బరువులు ఎత్తగలరా, నిద్ర పడుతోందా, కారు నడపగలరా, ఇలాంటి ప్రశ్నలు. ప్రతి ప్రశ్న కింద కొన్ని జవాబులు ఉంటాయి. అన్నిటికన్నా పైన ఉన్నది ‘ఏ ఇబ్బందీ లేదు’, అన్నిటికన్నా కింద ఉన్నది ‘అసలు చేయలేను’. మార్కులు కూడితే, మెడ ఆ మనిషి బతుకుని ఎంత అడ్డుకుంటోందో తెలుస్తుంది. డాక్టర్లూ, ఇన్సూరెన్స్ వాళ్ళూ ఆ అంకెనే చూస్తారు. ఇంగ్లీషులో అది బాగానే పనిచేసేది. స్పానిష్‌లో మాత్రం ఎవరు ఎప్పుడు అనువదించారో తెలియని ఒక పాత జిరాక్స్ కాపీ ఉండేది. దాన్ని సక్రమంగా తయారుచేయించి, నిజంగా పనిచేస్తుందో లేదో పరీక్షించి నిరూపించాలని మా డైరెక్టర్ నిర్ణయించింది.

ఆ పని నాకు ఎందుకు వచ్చిందంటే, నాకు స్పానిష్ వచ్చని నేనే చెప్పాను కాబట్టి. ఫ్రీవే ట్రాఫిక్‌లో ఏడాది పాటు కారులో సీడీలు విని నేర్చుకున్న స్పానిష్ అది. ఎక్కడ నొప్పి, ఊపిరి పీల్చండి, రేపు రండి అనగలను. థాంక్యూ మాత్రం చాలా తియ్యగా చెప్పగలను. నేను మాట్లాడినప్పుడల్లా ఫ్రంట్ డెస్క్ దగ్గర కూర్చునే ఆవిడ నవ్వేది. మెచ్చుకోలు అనుకునేవాణ్ణి.

ఇలాంటి అనువాదానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు విడివిడిగా స్పానిష్‌లోకి మారుస్తారు. రెండింటినీ కలిపి ఒకటి చేస్తారు. ఇంగ్లీషు మూలం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. తేడాలు సరిచేసి, కొద్దిమందితో చదివించి చూసి, ఆ తర్వాత చాలామందికి కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు ఇస్తారు. ఈలోగా మెడ మారకపోతే జవాబులూ మారకూడదు.

మా అనువాదకుల్లో ఒకాయన స్పెయిన్ దేశపు ప్రొఫెసర్. ఇంకొకరు ఒక కంపెనీ తరఫున అనువాదాలు చేసే అమ్మాయి. ఇద్దరికీ తేడా వచ్చిన ప్రతిచోటా నేను ప్రొఫెసర్ వైపే ఓటు వేశాను. ఆయన మాటలు నాకు అర్థమయ్యేవి కావు. అర్థం కాలేదంటే మంచి భాష అయివుంటుందని నా లెక్క.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంటికి ఫ్లూ టీకా గురించి తెలుగులో ఒక కరపత్రం వచ్చింది. ‘శ్లేష్మజ్వర నిరోధక ద్రవ్యమును బాహువునందు ప్రవేశపెట్టుకొనవలయును’ అని మా ఆవిడ పైకి చదివితే ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఈ రాసినవాడు జన్మలో తెలుగువాళ్ళతో మాట్లాడి ఉండడు అని తీర్పు చెప్పాను. మర్నాడు పొద్దున క్లినిక్కుకు వెళ్ళి, మామూలు జనం మెడకు వాడే మాట తీసేసి డాక్టర్లు వాడే మాట పెట్టాలని పట్టుబట్టాను. రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టనేలేదు.

కొద్దిమందితో చదివించి చూసే దశలో, ఒక ముసలావిడకు నేనే స్వయంగా ప్రశ్నలు చదివి వినిపించాను. పక్కనే ఆవిడ భర్త పేపరు చదువుకుంటున్నాడు. బరువులు ఎత్తడం గురించిన ప్రశ్నలో ప్రొఫెసర్‌గారు ‘కొహెర్’ అని రాశారు. స్పెయిన్‌లో దానికి పట్టుకోవడం, తీసుకోవడం అని అర్థం. మెక్సికోలో ఆ మాటకు ఉన్న అర్థం నలుగురిలో పలికేది కాదు. ఆ సంగతి నాకు తెలియదు. మీరు బరువైనవాటిని నొప్పి లేకుండా అలా చేయగలరా అని ఆవిడను మర్యాదగా అడిగాను. భర్త పేపరు దించాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ మొహానికి అడ్డం పెట్టుకుంది. వినపడలేదేమో అనుకుని ఇంకొంచెం గట్టిగా అడిగాను. ఫ్రంట్ డెస్క్ ఆవిడ లేచి వచ్చి, నా చేతిలో కాగితం తీసుకుని, లోపల డాక్టర్ మిమ్మల్ని పిలుస్తున్నారు అంది. లోపల ఏ డాక్టరూ లేడు.

అంత జరిగాక బుద్ధి రావాలి. నాకు వచ్చిన బుద్ధల్లా ఆ ఒక్క మాట మార్చడం, ఇకమీద నేను చదివి వినిపించకుండా కాగితాలు ఫ్రంట్ డెస్క్ దగ్గరే ఇప్పించడం. ఆ డెస్క్ ఆవిడ చిన్న వయసులోనే మెక్సికోలో ఒక పల్లె నుంచి వచ్చిన మనిషి. మా క్లినిక్కులో అపాయింట్‌మెంట్లు, ఇన్సూరెన్సు తగాదాలు, ఏడ్చే పిల్లలు, అన్నీ ఆవిడే చూసుకునేది. ఆవిడకు నేను ఇచ్చిన శిక్షణ ఒక్క వాక్యం. ‘ఖాళీలు లేకుండా చూడండి’ అన్నాను. సరే అంది.

నెలలు గడిచాయి. ఫలితాలు చూస్తే నాకే ముద్దొచ్చాయి. మొదటిసారి జవాబులూ రెండోసారి జవాబులూ అచ్చు గుద్దినట్టు కలిశాయి. ఒక్క ఖాళీ లేదు. ఒక పెద్ద సదస్సులో చదవడానికి మా పరిశోధన ఎంపికైంది. కొత్త సూట్ కొనుక్కున్నాను. ట్రాయ్‌లో ఉండే మా బావమరిదికి ఫోన్ చేసి, అతను అడగకుండానే అన్నీ వివరించాను.

ఆస్పత్రిలో మా అంకెలు చూసిపెట్టే స్టాటిస్టిషియన్ తెలుగావిడే. గుంటూరు వైపు మనిషి. ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడేది. అందరినీ బ్రదర్, సిస్టర్ అని పిలిచే అలవాటు వల్ల నన్నూ బ్రదర్ అనేది, నేను సిస్టర్ అనేవాణ్ణి. ఒకరోజు ఫారాల కట్ట పట్టుకుని నా గదికి వచ్చింది.

“బ్రదర్, ఈ నంబర్లు మరీ నీట్‌గా ఉన్నాయి. నాకు నచ్చట్లేదు.”

అనువాదం బాగా కుదిరిందన్నాను.

“మా చర్చ్ పిక్నిక్‌కి ఎవరెవరు వస్తారో రాయమని షీట్ పంపిస్తే సగం కాలమ్స్ బ్లాంక్‌గా వస్తాయి. అన్నీ చదువుకున్నవాళ్ళే. ఇక్కడ నొప్పితో ఉన్నవాళ్ళు ఒక్కళ్ళు కూడా ఒక్క క్వశ్చన్ కూడా వదల్లేదా? ఈ టిక్కులు కూడా చూడండి, అన్నీ ఒకే చేత్తో పెట్టినట్టు లేవూ?”

ఆవిడకు నేను చెప్పిన జవాబు ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. వాళ్ళ దేశంలో స్కూళ్ళలో టిక్కు పెట్టడం అందరికీ ఒకేలా నేర్పుతారేమో అన్నాను. ఆవిడ ఫారాలు తీసుకుని వెళ్ళిపోయింది.

సదస్సు దగ్గరపడుతుండగా ఫ్రంట్ డెస్క్ ఆవిడ వారం రోజులు సెలవు పెట్టింది. కూతురికి పదిహేనేళ్ళు నిండుతున్నాయి. వాళ్ళలో అది పెళ్ళంత వేడుక. ఆవిడ స్థానంలో ఏజెన్సీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయికి స్పానిష్ ఒక్క ముక్క రాదు. ఆ వారం ఫారాలు ఘోరంగా వచ్చాయి. కొన్నిటిలో సగం ఖాళీ. కొన్నిటిలో ఒకే ప్రశ్నకు మూడు టిక్కులు. కొత్త అమ్మాయికి పని చేతకావడం లేదని విసుక్కున్నాను.

ఆ వారమే ఒకావిడ చివరి ఫారం నింపడానికి వచ్చింది. నలభై దాటిన మనిషి, గ్వాటెమాలా నుంచి వచ్చింది. ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక హోటల్లో గదులు సర్దే పని. పరుపు మూల ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో దుప్పటి దాని కిందకు దోపాలి. రోజంతా అదే. ఎడమవైపు మెడ పట్టేసింది. మేము రాసిన ఉత్తరం వల్ల కొన్ని వారాలుగా హోటల్ వాళ్ళు ఆమెకు తువ్వాళ్ళు మడతపెట్టే తేలిక పని ఇచ్చారు. ఆ రోజు ఆమె ఫారంలో ప్రతి ప్రశ్నకూ అన్నిటికన్నా పైన ఉన్న జవాబుకు టిక్కు ఉంది. కూడితే సున్నా. అంటే ఏ ఇబ్బందీ లేదు.

నేను సదస్సు కోసం స్లయిడ్లు తయారుచేసుకుంటున్నాను. మధ్యలో లేచి వెయిటింగ్ రూమ్‌లోకి వెళ్ళి, ఆ కాగితం ఊపుతూ, చాలా బాగుంది అని నా సీడీల స్పానిష్‌లో అన్నాను. ఆమె మర్యాదగా నవ్వి థాంక్స్ చెప్పింది. గదిలోకి వచ్చి, మామూలు పనిలోకి వెళ్ళవచ్చని రాసి సంతకం పెట్టాను. నా నోట్ చూసి డాక్టరూ సరేనన్నాడు. ఒకసారి ఎడమవైపు తల తిప్పమ్మా అని అడగడానికి అర నిమిషం పడుతుంది. అడగలేదు.

తర్వాతి వారం ఫ్రంట్ డెస్క్ ఆవిడ తిరిగి వచ్చి కూతురి ఫోటోలు చూపించింది. గురువారం పొద్దున ఆ హోటల్ ఆవిడ వచ్చింది. తల నిలవనట్టు చేత్తో దవడ పట్టుకుని ఉంది. నావైపు చూడటానికి మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పింది. నాలుగు రోజులు పరుపులు ఎత్తిందట. ఫ్రంట్ డెస్క్ ఆవిడ ఆమె పక్కన కూర్చుని చాలాసేపు మెల్లగా మాట్లాడింది. తర్వాత నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

ఆవిడ చెప్పింది ఇదీ. ఆ హోటల్ ఆవిడకు చదువు రాదు. మన దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి రాదు, వచ్చినవాళ్ళకూ ఈ భాష అర్థం కాదు. అందుకని ఇన్ని నెలలుగా ఈ డెస్క్ ఆవిడే ఒక్కొక్క ప్రశ్న చదివి, తమ మాటల్లోకి మార్చి, ఇంట్లో ఏమేం చేయగలుగుతున్నారో అడిగి తెలుసుకుని, తన పెన్నుతో టిక్కులు పెట్టేది. రెండోసారి వచ్చినప్పుడూ అంతే. ఖాళీలు ఉండకూడదని మీరే చెప్పారు కదా అంది. తను లేని వారం అడిగే దిక్కు లేక, చదవడం రాదని కొత్త అమ్మాయికి చెప్పడానికి సిగ్గుపడి, ఆ హోటల్ ఆవిడ ప్రతి ప్రశ్నకూ మొదట కనిపించిన గడిలో టిక్కు పెట్టేసి ఇచ్చింది.

“ఆవిడ మెడ తిప్పించి చూశారా?” అని అడిగింది.

ఫారంలో సున్నా వచ్చింది కాబట్టి, అని మొదలుపెట్టాను.

“ఫారం సంగతి కాదు. మెడ.”

వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేశాను. జరిగిందంతా ఆయన రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు. రాయడానికి కూర్చుంటే, ‘సమాచారం అందడంలో కొంత అంతరం ఏర్పడినట్టు కనిపిస్తోంది’ అని ఇంగ్లీషులో ఒక అందమైన వాక్యం వచ్చింది. ఎవరి తప్పో తెలియకుండా రాయడంలో నాకు అంత ప్రతిభ ఉందని అప్పటిదాకా తెలియదు. కొట్టేసి, రోగిని పరీక్షించకుండా సంతకం పెట్టాను అని రాశాను. ఆమెకు మళ్ళీ తువ్వాళ్ళ పని ఇచ్చారు కానీ, అప్పటికే మెడ మొదటికన్నా అధ్వాన్నంగా తయారైంది. మేము మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇక పరిశోధన సంగతి. మీకు అబద్ధం చెప్పను. ఒక లంచ్ బ్రేక్ అంతా నాకు వేరే ఆలోచన నడిచింది. చెడిపోయింది ఆ ఒక్క వారం ఫారాలే కదా. అవి పక్కన పెట్టేస్తే మిగతావన్నీ బంగారంలా ఉన్నాయి. డెస్క్ ఆవిడ చేసిన సాయం ఇంత పెద్ద విషయమని ఆవిడకే తెలియదు. సదస్సుకు వెళ్ళి రావచ్చు. సిస్టర్ దగ్గరికి వెళ్ళి, ఏదో సాంకేతికమైన సందేహంలా, ఒక వారం డేటా తీసేయాలంటే ఏ కారణం చూపించవచ్చని అడిగాను. జరిగింది మొత్తం చెప్పించుకుంది. చెప్పడం అయ్యాక లంచ్ బాక్స్ మూత పెట్టేసింది.

“బ్రదర్, మీ ఫారమ్ సొంతంగా పనిచేసింది ఆ ఒక్క వారమే. మిగతా నెలలన్నీ పనిచేసింది ఆవిడ. మీరు వాలిడేట్ చేసింది ఆవిడని, ఫారమ్‌ని కాదు.”

డైరెక్టర్ ఎవరు ఏం చెప్పినా ఆపిల్ తింటూ వినే మనిషి. నేను చెప్తుంటే తినడం ఆపింది. ఆ పేషెంట్ ఎలా ఉందని ముందు అడిగింది. తర్వాత డేటా గురించి అడిగింది. మొత్తం పారేయాలి అన్నాను. మరి సదస్సు సంగతేమిటి అంది. రావడం లేదని రాస్తాను అన్నాను. తిట్లు తినడానికి నేను సిద్ధపడి వచ్చాను, సమాధానాలు కూడా తయారుచేసుకున్నాను. ఆవిడ తిట్టలేదు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారు అని మాత్రం అడిగింది. తిడితేనే బాగుండేది.

ఈసారి ఫ్రంట్ డెస్క్ ఆవిడను వారంలో రెండు మధ్యాహ్నాలు డెస్క్ నుంచి తప్పించి, ప్రశ్నల బాధ్యత ఆవిడకే అప్పగించాం. ఆవిడ నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని మాట్లాడేది. నేను మూల కుర్చీలో నోరు మూసుకుని కూర్చోవాలి. అది ఆవిడ పెట్టిన షరతు.

ఆ కుర్చీలో కూర్చుని విన్నవి ఎన్నని చెప్పను. పల్లెల నుంచి వచ్చిన మెక్సికో వాళ్ళు కొందరు మెడ వెనక భాగాన్ని ‘సెరెబ్రో’ అంటారట. డిక్షనరీలో దానికి మెదడు అని అర్థం. అంతకుముందు ఒకాయన తనకు సెరెబ్రో నొప్పిగా ఉందంటే, భయపడి, నరాల డాక్టర్ దగ్గరికి పంపించాను. పాపం ఆయన మెడ పట్టేసి వచ్చాడు, మెదడు ఫోటోతో తిరిగి వెళ్ళాడు. కారు నడపడం గురించిన ప్రశ్న చూస్తే, లైసెన్స్ లేనివాళ్ళు పోలీసులకు చెప్తారేమోనని హడలిపోయేవారట. దానికి ‘నేను కారు నడపను’ అని ఒక గడి చేర్చాం. వినోద కార్యక్రమాల్లో పాల్గొనగలరా అన్న ప్రశ్నకు ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. మాకు వినోదం ఎక్కడిదండీ అని ఒకావిడ అంది. చర్చికి వెళ్ళడం, పండగలో డాన్స్ చేయడం అని ఉదాహరణలు రాశాక జవాబులు వచ్చాయి.

ప్రొఫెసర్‌గారు నొచ్చుకుంటారని భయపడ్డాను. ఆయన ఒక మధ్యాహ్నం వచ్చి, రెండు గంటలు విని, మా అమ్మ కూడా నేను రాసినట్టు మాట్లాడదు అన్నారు. తన మాటలు తనే కొట్టేశారు.

చదువు రానివాళ్ళకు పైకి చదివి వినిపించే పద్ధతి ఒకటి విడిగా తయారుచేశాం. అందులో ఉన్నది ఉన్నట్టు చదవాలి, విడమరిచి చెప్పకూడదు. డెస్క్ ఆవిడకు అది నేర్చుకోవడం మహా కష్టమైంది. ఎదుటివాళ్ళు తికమకపడుతుంటే ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చునేది. అలా ఆవిడ పట్టుకున్న ప్రతిచోటా ప్రశ్నలో తప్పుందని గుర్తుపెట్టుకుని మార్చేవాళ్ళం.

రెండోసారి వచ్చిన ఫలితాలు మొదటివాటంత అందంగా లేవు. ఖాళీలు ఉన్నాయి, తేడాలు ఉన్నాయి. పనికొస్తుంది అని చెప్పడానికి మాత్రం సరిపోయాయి. సిస్టర్ వాటిని తిరగేసి, “ఇప్పుడు మనుషుల్లా ఉన్నాయి” అంది.

వ్యాసం రాసినప్పుడు డెస్క్ ఆవిడ పేరు చివర్లో కృతజ్ఞతల్లో వేద్దామని అనుకున్నాం. నేనూ తల ఊపాను. ఆవిడ చేసిన పనులూ నేను చేసిన పనులూ రెండు కాలమ్స్‌లో రాయండి బ్రదర్ అని సిస్టర్ అంది. రాస్తే నా కాలమ్‌లో ‘కూర్చున్నాను’ అని తేలింది. రచయితల వరసలో ఆవిడ పేరు చేర్చాం. ఆ సంగతి చెప్తే, దానివల్ల ఏం వస్తుంది అని అడిగింది. ఏమీ రాదన్నాను. మరి ఇన్నాళ్ళూ దానికోసం ఇంత హైరానా పడ్డారేమిటి అంది.

ఇదంతా జరుగుతుండగానే ఆ హోటల్ ఆవిడకు వారం వారం చికిత్స నడిచింది. శీతాకాలం అంతా పట్టింది. నన్ను ఒక్కమాట అనలేదు. అనకపోవడం వల్ల ఆవిడ వచ్చే రోజు పొద్దున నుంచీ నాకు గాభరాగా ఉండేది. ఒకసారి డెస్క్ ఆవిడను పక్కన పెట్టుకుని, తప్పు నాదేనని ఆమెకు స్పానిష్‌లో చెప్పాను. ముందు రోజంతా కంఠస్థం చేసిన వాక్యం అది. ఆమె విని, డెస్క్ ఆవిడతో ఏదో అంది. ఏమందని అడిగాను. మీకు కూడా చదవడం రాని భాష ఒకటి ఉందన్నమాట అందట.

చికిత్స చివరి రోజున వాన పడుతోంది. ఫారం పక్కనపెట్టి, ముందు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోమన్నాను. ఎడమవైపు తిరగమని అడిగాను. మెల్లగా తిప్పింది. నేను ఆమె భుజం మీద చెయ్యి పెట్టి ఒళ్ళు కదలకుండా చూస్తున్నాను. గడ్డం భుజం మీదకు వచ్చింది. ఇంకా తిప్పింది. నొప్పి ఉందా అన్నాను. లేదంది. ఎంతవరకు కనిపిస్తోంది అన్నాను.

ఆమె కిటికీలోంచి వెనక పార్కింగ్‌లోకి చూస్తూ, చివర్న చెట్టు పక్కనున్న నీలం కారు ఎవరిది, పాపం, లైట్లు వేసి వదిలేశారు, బ్యాటరీ అయిపోతుంది అంది.

ఆ కారు నాదే. ముందు కుడివైపు కూడా తిప్పించి చూశాను. అప్పుడు సంతకం పెట్టాను. ఆ తర్వాత వానలో పరిగెత్తాను.